కల్లు, కళ్ళు, కాళ్ళు

ఈ సంచికలో బాలబాలికలు తమ రచనలతో మనల నలరించియున్నారు. పెద్దల కొఱకు మేమొక చిన్న విషయమును ముచ్చటింపదలచితిమి.

గడచిన వర్షాకాలమున ఒకనాటి ఉదయము నాలుగవ తరగతి బాలుని తల్లిగారు చేతిఫోనులో ఒక సందేశము పంపిరి. మాట తెలుగు, అక్షరములు ఇంగ్లీషువి. కే, ఏ, ఎల్, ఎల్, యు అను అయిదక్షరములను చూచి తరగతి ఉపాధ్యాయులు "కల్లు వలన అబ్బాయి బడికి రాలేడు" అని చదువుకొని, దిగులుతో మా గదికి వచ్చిరి. తొమ్మిదేండ్ల బాలునికి కల్లేమి? మేము మరల చదివి, అది "కాళ్ళు" అయియుండునని నిర్ణయించి, వేడినీటి కాపడము పెట్టుడని బదులు పంపితిమి. సాయంకాలము తల్లిగారే వచ్చి చెప్పిన పిమ్మట గదా తెలిసినది, బాలునికి కళ్ళకలక వచ్చినదని! ఆమె నవ్విరి, మేమును నవ్వితిమి. కాని ఆ రాత్రి ఆలోచింపగా నవ్వు తగ్గినది.

ఈ అలవాటు ఎట్లు వచ్చినదో ముందు తెలిసికొందము. ఇందు తల్లిదండ్రుల తప్పు లేదు. పాత ఫోనులు పెక్కింటిలో తెలుగక్షరములే లేవు. అదియును గాక, ఒక ఎస్సెమ్మెస్సులో ఇంగ్లీషు అక్షరములు 160 పట్టుచోట, తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును. తెలుగున వ్రాసినచో ఒక ఉత్తరము రెండుత్తరములై ఖర్చు పెరిగెడిది. పొదుపు కొఱకు మొదలైన పని, పొదుపుతో అవసరము తీరిన పిదపకూడ నిలిచిపోయినది.

ఫోనునకు అక్షరములు తెలియవు, అంకెలే తెలియును. ప్రపంచ భాషల లిపులలో ప్రతి గుర్తునకును ఒక అంకె నిచ్చు ఏర్పాటు యూనికోడు. 1991లో వెలువడిన దాని తొలి రూపముననే తెలుగునకు చోటు దొరకినది. మన లిపికి అందు 128 స్థానములు కేటాయింపబడినవి. వానిలో 'అ' అంకె 3077, 'క' అంకె 3093. 'ల' 3122 కాగా 'ళ' 3123. అనగా లకు ళకు గల భేదమును యంత్రము తప్పక గుర్తించుచున్నది. మనమే ఇంగ్లీషు అక్షరములలో దానిని పోగొట్టుచున్నాము.

వత్తులను ఫోను చేర్చు విధము మన పంతుళ్ళ పద్ధతియే. 'కళ్ళు' అనగా క, ళ, పొల్లు, మరల ళ, కొమ్ము: మొత్తము అయిదు సంకేతములు. ఇంగ్లీషున వ్రాసినను అయిదక్షరములే! ఇక మిగిలిన లాభమేమి?

ఈ కూడిక సులభమైనదని యంత్రములు చెప్పజాలవు. 2018 ఫిబ్రవరిలో, కంటికి కనబడని ఒక విడదీత గుర్తుతో కూడిన మన 'జ్ఞా' అక్షరమును చూపబోయి, ఆపిల్ ఐఫోనులలో సందేశములు చూపు అప్లికేషనులు కుప్పకూలినవి. ఆ నెల 19వ తేదీన ఆ సంస్థ సవరణ విడుదల చేయవలసివచ్చినది. జ్ఞానమును భరించుట ఎవరికైనను కష్టమే గాబోలు. ఖరీదైన ఫోను తడబడిన ఆ అక్షరమును మన మూడవ తరగతి పిల్లలు పలకపై వ్రాయుచున్నారు.

ఇప్పటి ఫోనులో సెట్టింగులలోని భాషల జాబితాకు పోయి కీబోర్డునకు తెలుగును చేర్చుకొనవచ్చును. ఇంగ్లీషు అక్షరములు నొక్కినను తెలుగుగా మార్చు కీబోర్డులు కలవు. నోటితో పలికినను వ్రాయునవి కలవు. అయితే పంపుటకు ముందు ఒకసారి చదువుకొనవలెను. మేము "రేపు బడికి సెలవు" అని పలుకగా ఫోను "గుడికి సెలవు" అని వ్రాసినది, చూడక పంపితిమి. ఒక అవ్వగారు మరునాడు వచ్చి, గుడికి సెలవేమి నాయనా, గ్రహణమా అని అడిగిరి. 1986లో రూపొందిన ఇన్‌స్క్రిప్టు కీబోర్డు మరియొక మార్గము. దానిలో తెలుగు 'క' ఉన్న మీటమీదనే తమిళమునకును కన్నడమునకును 'క' ఉండును. బడిలో రెండు మూడు లిపులు నేర్చు మన పిల్లలకు ఒక్క అభ్యాసము అన్నిటికి పనికివచ్చును.

ఇంత చిన్న సంగతికి ఇంత చెప్పుట యెందుకని అడుగవచ్చును. మన హోసూరు ప్రాంతమున తెలుగువారము తరతరములుగా ఇంట తెలుగే మాటలాడుచున్నాము. కాని పిల్లవాడు వీధిలో చూచు బోర్డులు తమిళము, ఇంగ్లీషు. పూర్వము ఇంటికి వచ్చు కార్డుముక్కపై తాతగారి వ్రాత కనబడెడిది. ఇప్పుడు ఆ కార్డులు అరుదైనవి. తల్లి వ్రాత, తండ్రి వ్రాత పిల్లలు చూచునది ఫోనులోనే. అక్కడకూడ తెలుగక్షరము లేనిచో, అది పరీక్ష కొఱకు మాత్రమే బ్రతుకు వస్తువని వారు తలంతురు. అట్లు తలచిన పిల్లలకు మేమెన్ని గుణింతములు చెప్పినను ఫలమేమి?

కావున మా మనవి ఒక్కటే. ఈ సంవత్సరము సెలవు చీటీలను, సందేశములను తెలుగు లిపిలో పంపుడు. తప్పులుండునని సంకోచింపకుడు, పంపుటకు ముందు మీ బిడ్డకు చూపుడు. అమ్మ తప్పు దిద్దు భాగ్యము దొరకిన బిడ్డ ఆ అక్షరమును ఎన్నటికిని మరువడు. మేమును ఇకపై కళ్ళకు వేడినీటి కాపడము చెప్పకుందుము.