విమానపు రెక్కలపై మంచు

ఇబ్రహీంపట్నపు సోదరీమణులకు మంచు అనగా ధనుర్మాసపు తెల్లవారుజామున కృష్ణమీద క్రమ్ముకొని, యెండ రాగానే విడిపోవు తెల్లని పొగయే. గడ్డకట్టిన మంచుతో మనకేమి పని యనుకొందుము. కాని యీ ప్రాంతపు తల్లులు పలువురు కుమార్తెలకు పురుడు పోయుటకై గన్నవరమున విమానమెక్కి, ఢిల్లీలోనో మరియొక చోటనో మారి, అమెరికా కెనడాలకు పోవుచున్నారు. పురుడు వేసవి చూచుకొని రాదు గదా! శీతకాలమున నచటినుండి బయలుదేరునపుడు విమానము కొంతదూరము పోయి నిలిచిపోవును. పొడవైన చేతులుగల బండ్లు ఇరుప్రక్కల వచ్చి నారింజవన్నె ద్రవమును రెక్కలమీద చిమ్మును. కిటికీ మసకబారును, ఒకవిధమైన తీయని వాసనయు లోనికి రావచ్చును. భాష తెలియని తల్లికి గుండె ఝల్లుమనుట సహజము. అందుచే నాపని యెట్టిదో యిచట వ్రాయుచున్నాము.

విమానమును గాలిలో నిలుపునది రెక్కల నునుపైన వంపు. గాలి యా వంపు నంటి జారుచున్నంతకాలమే పైకెత్తు బలము పుట్టును. రెక్క ముందరియంచునను పైభాగమునను గరుకుకాగితమంత మంచు పేరుకొన్నను ఆ బలము నూటికి 30 పాళ్లవరకు తగ్గవచ్చును. వెనుకకు లాగు గాలినిరోధము 40 పాళ్లవరకు పెరుగవచ్చును. ఇచట భయపడవలసినది మంచు బరువునకు కాదు, దాని గరుకుదనమునకు.

ఆ నారింజవన్నె ద్రవము, వేడిచేసి గ్లైకాలు కలిపిన నీరు. చేతితో త్రిప్పు ఐసుక్రీము పీపాలో మంచుగడ్డలపై ఉప్పు చల్లినచో నవి కరగి, ఆ యుప్పునీరు సున్న డిగ్రీలకు దిగువను గూడ గడ్డకట్టదు. గ్లైకాలు పనియు నట్టిదే. ఉప్పు లోహమును తినివేయును గనుక దానిని వాడరు. మంచు ఇంకను కురియుచున్నచో, పిమ్మట ఆకుపచ్చని ద్రవమును పూయుదురు. ఇది గంజివలె చిక్కనైనది. నిలిచిన రెక్కను అంటిపెట్టుకొని, పడు మంచును తనలో కరగించుకొని, విమానము వేగమందుకొనగానే గాలికి పలుచనై జారిపోవును. అయితే దీని శక్తికి గడువు కలదు. చలినిబట్టి, మంచు కురియు తీరునుబట్టి యెన్ని నిమిషములో పట్టికలలో వ్రాసియుందురు. గడువు దాటినచో రెక్కలను మరల పరీక్షింపవలెను, లేదా మరల కడుగవలెను.

మంచు కురియకున్నను ముప్పు కలుగవచ్చును. చల్లనినీటి చెంబు మన ఉక్కబోతలో చెమర్చుట యెరుగనివారు లేరు. విమానపు ఇంధనము రెక్కలలోనే యుండును. చాలసేపు ఆకాశమున ఎగిరి అది మిక్కిలి చల్లబడును. అట్టి రెక్కపై తేమ గడ్డకట్టి, కంటికి కానరాని గాజువంటి పొర యగును. 1991 డిసెంబరు 27న స్వీడను దేశమున స్టాక్‌హోమునుండి లేచిన యొక విమానపు రెక్కలనుండి అట్టి పొర విరిగి, వెనుకనున్న రెండు ఇంజనులలోను పడెను. రెండును ఆగిపోయెను. విమానము పొలములో దిగి ముక్కలయ్యెను. 129 మందియు బ్రతికిరి.

కెనడాలోని డ్రైడెన్ అను చిన్న యూర నట్టి యదృష్టము కలుగలేదు. 1989 మార్చి 10న ఎయిర్ ఒంటారియో వారి విమానము 69 మందితో నచటినుండి మంచు కురియుచుండగా బయలుదేరవలసియుండెను. ఇంజనులను తిరిగి నడిపించుటకు వలయు చిన్న యంత్రము చెడియుండెను. ఆ యూర బదులు సాధనమును లేదు. కాబట్టి ఒక ఇంజనును ఆపక నడుపుచునే యుంచిరి. ఇంజను నడుచుచుండగా మంచు కడుగరాదని యా సంస్థ నియమము. కడుగకయే లేచిన విమానము చెట్లమీద కూలి కాలిపోయెను. 24 మంది మరణించిరి.

మమ్ము మిక్కిలి కలచినది వేరొకటి. రెక్కలపై మంచును చూచినవారు లోపల లేకపోలేదు. ఒక ప్రయాణికుడు విమానపరిచారికతో ఆ మాట యనెను. ఆమెయు చూచెను. ప్రయాణికులుగా కూర్చుండిన యిద్దరు పైలట్లును చూచిరి. ఎవరును ముందుగదిలోని వారికి చెప్పలేదు. తన మాట వారికి రుచింపదని ఆమె సంకోచించెను. బ్రతికి బయటపడి, విచారణలో ఆ సంగతి వివరించెను. పెద్దలకు తెలియదా యని కోడలు నోరుమూసికొను ఇండ్లు మనకు మాత్రము క్రొత్తవా?

న్యాయమూర్తి వర్జిల్ మోషాన్‌స్కీ గారు సాగించిన ఆ విచారణ నివేదిక 1992లో వెలువడెను. నేడు కెనడా నియమముల ప్రకారము, రెక్కలపై మంచును చూచిన సిబ్బందిలో నెవరైనను వెంటనే ప్రధానచోదకునకు చెప్పితీరవలెను. చెప్పినపిమ్మట రెక్కలను పరీక్షింపక విమానము లేవరాదు. మంచు కడుగుటకు ముందు ప్రయాణికులకును ఆ సంగతి తెలుపవలెను. ఆ ప్రకటన తెలుగున నుండదు, ప్రక్కవారి నడుగవచ్చును. రెక్కప్రక్క సీటు దొరికినవారు, కడిగినపిమ్మట నొకసారి కిటికీలోనుండి చూడుడు. తెల్లగా నేమైన నంటియున్నచో, పరిచారికను పిలుచు మీట తలపైననే యుండును.