ద్రాక్షపండును చల్లని రాత్రులును

భూమిలోనికి దిగినకొలది వేడి హెచ్చునను సంగతి మన బంగారు గనుల కుటుంబములకు వేరుగ చెప్పనక్కరలేదు. ఛాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతునకు పోయినది. అచ్చటి రాయియే కాగుచుండెడిది. సముద్రమట్టమునుండి పైకి పోయినకొలది గాలి చల్లబడును. ఈ రెండవ సంగతి మన పిల్లల దృష్టికి అంతగా రాదు. కాని మన ప్రాంతపు ద్రాక్షతోటలకు అదియే గొప్ప ఆధారము.

ద్రాక్షకు ఎండ కావలెను. ఎండవలన ఆకులలో చక్కెర తయారై పండులో చేరును. అయితే తీపి ఒక్కటియే రుచి గాదు. పండులోని పులుపులో మాలిక్ ఆమ్లము ముఖ్యమైన భాగము. రాత్రింబగళ్లు వేడి అధికమైనచో, పండు తన శ్వాసక్రియలో ఈ ఆమ్లమును త్వరగా వెచ్చించుకొనును. అప్పుడు తీపి మిగులును గాని రసము చప్పబడును. రాత్రులు చల్లనైనచో పులుపు నిలుచును. తోలులో రంగు చక్కగా ఏర్పడును. పరిమళము కూడుటకు వ్యవధి చిక్కును. ఆ రసము పులిసి, వైను అనబడు ద్రాక్షాసవముగా మారినపుడు ఈ గుణములే అందు కానవచ్చును.

కొన్ని దేశములలో ఈ చల్లదనమును సముద్రమే ఇచ్చును. అమెరికాలోని కాలిఫోర్నియా తీరము, చిలీ దేశములోని కాసబ్లాంకా లోయ ఇందుకు నిదర్శనములు. ఆ తీరముల వెంట చల్లని సముద్రప్రవాహములు సాగుచుండును. ఆ నీటిమీదుగా వచ్చు గాలియు, ఉదయపు పొగమంచును తోటలను చల్లబరచును. పండు నెమ్మదిగా పక్వమగును. అట్టి తోటల ఆసవము పులుపు నిలిచి, తేటగా, తేలికగా ఉండును.

మన తెలుగుతీరమున అట్లేల జరుగదు? బంగాళాఖాతపు నీరు వెచ్చనిది. దానిపైనుండి వీచు గాలి తేమను తెచ్చునే గాని రాత్రులను చాలినంత చల్లబరచదు. చెన్నపట్టణమును కోలారును దాదాపు ఒకే అక్షాంశమున, 13 డిగ్రీలకు చేరువగా ఉన్నవి. అయినను కోలారు సముద్రమట్టమునకు 800 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ప్రతి 1000 మీటర్ల ఎత్తునకు సుమారు 6 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగ్గునని లెక్క. అన్యదేశములలో సముద్రము చేయు పనిని మనకు ఎత్తు చేయుచున్నది.

2007 వరకు మన జిల్లాలోనే ఉండిన చిక్కబళ్లాపురము ప్రాంతమున బెంగుళూరు బ్లూ అను నల్లద్రాక్ష విస్తారముగా పండును. నొక్కగానే తోలు జారిపోవు పండు అదియే. 2013లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. మంచు గడ్డకట్టునంతటి చలి లేనందున ఇచ్చట తీగ శీతకాలమున నిద్రింపదు. కావున రైతులు ఏటికి రెండుమార్లు కొమ్మలు కత్తిరించి రెండు పంటలు తీయుదురు. నందికొండ దిగువన, దొడ్డబళ్లాపురము వద్ద, 1988లో గ్రోవర్ కుటుంబము ఫ్రెంచి రకములను నాటుటకు ఈ వాతావరణమే తోడైనది.

మద్యమును ప్రశంసించుట ఈ వ్యాసమున కుద్దేశము గాదు. తాము నివసించు నేల గుణమును పిల్లలు ఎరుగవలెననియే మా కోరిక. 2001లో గనులు మూతబడినవి. ఎత్తువలన కలిగిన ఈ చల్లదనము మాత్రము మిగిలియున్నది. అయితే అదియు నిశ్చింతగా నమ్మదగినది కాదు. రాత్రులు వేడెక్కినచో పండులో పులుపు తరుగును. నీరు లేనిచో తీగయే నిలువదు. మన జిల్లాలో జీవనది లేదు. గొట్టపుబావులు పెక్కుచోట్ల 1000 అడుగులు దాటినవి. 2018 నుండి బెంగుళూరులో శుద్ధిచేసిన మురుగునీటిని మన చెరువులకు మళ్లించుచున్నారు.

ఈసారి అంగడినుండి నల్లద్రాక్ష తెచ్చినపుడు తల్లిదండ్రులు తమ బిడ్డలకు ఒక పండునిచ్చి, అందులోని పులుపు ఎక్కడనుండి వచ్చినదని అడుగుదురు గాక. ఆకాశమును, చెరువును చూపి సమాధానము చెప్పగల బిడ్డ, రేపు ఆ చెరువును పూడిపోనీయడు.