పదివేల డాలర్ల ఎడమచేయి

1964 సెప్టెంబరు 1వ తేదీ. న్యూయార్కులోని షే స్టేడియము. ఎనిమిదవ ఇన్నింగ్సు జరుగుచున్నది. శాన్‌ఫ్రాన్సిస్కో జెయింట్స్ జట్టు వెనుకబడి ఉన్నది. అట్టి వేళ ఇరువది యేండ్ల జపాను యువకుడొకడు మైదానము నడుమనున్న మట్టిదిబ్బవైపు నడచినాడు. గుండెదడ అణచుకొనుటకై స్వదేశపు పాట నొకదానిని కూనిరాగము తీయుచు నడచితినని తరువాత అతడే చెప్పుకొన్నాడు. అతని పేరు మసనోరి మురకామి. అమెరికా మేజర్ లీగు బేస్‌బాల్‌లో ఆడిన మొదటి జపానీయుడు అతడే.

ఈ ఆటలో పిచ్చరనువాడు మన క్రికెట్టులోని బౌలరు వంటివాడు. అయితే అతడు విసరిన బంతి నేలను తాకకుండ బ్యాటరును చేరవలెను. మూడు స్ట్రైకులు పడినచో బ్యాటరు ఔటు. మురకామిది ఎడమచేతివాటము. ఆనాడు తనకెదురైన మొదటి బ్యాటరునే అతడు మూడు స్ట్రైకులతో సాగనంపినాడు.

నిజమునకు అతడు అమెరికా వచ్చినది నేర్చుకొని పోవుటకు. జపానులోని నంకాయ్ హాక్స్ సంఘము ఆ యేడు తన యువ ఆటగాండ్రను ముగ్గురిని జెయింట్స్ వారి క్రింది శ్రేణి జట్లకు శిక్షణకై పంపినది. వారిలో ఎవడైనను మేజర్ లీగుకు ఎదిగినచో పదివేల డాలర్లకు జెయింట్స్ వారు అతనిని కొనుక్కొనవచ్చునని ఒడంబడికలో ఒక షరతు ఉన్నది. శిష్యుడు ఒక్క యేటిలోనే అంతవాడగునని హాక్స్ వారు ఊహించినట్లు లేదు. అతడు కాస్తా అంతవాడైనాడు!

తగవు మొదలైనది. కొన్నాము, మావాడే అని జెయింట్స్. మావానిని మాకిండని హాక్స్. అమెరికా బేస్‌బాల్ కమిషనరు ఫోర్డ్ ఫ్రిక్ జపాను జట్లతో సంబంధములనే నిలిపివేసినాడు. ఎట్టకేలకు 1965 సీజను వరకు అమెరికాలో ఆడి, ఆపైన అతడు స్వదేశమునకు పోవచ్చునని రాజీ కుదిరినది.

ఆ సీజనులో అతడు 45 ఆటలలో బంతి పట్టినాడు. 74 ఇన్నింగ్సులకు మించి విసరి 85 మందిని స్ట్రైకులతో ఔటు చేసినాడు. ఆ యేడు జెయింట్స్ జట్టు లీగులో అగ్రస్థానమును రెండే రెండు ఆటల తేడాతో పోగొట్టుకొన్నది. సీజను తొలి వారములు అతడు లేకుండగనే గడచినవి. తగవులేని పక్షమున ఏమగునోయని ఎవరికైనను తోచకమానదు.

జెయింట్స్ వారు ఉండుమన్నారు. కాని అమెరికా పంపెదనని మాట యిచ్చి నిలుపుకొన్నవాడు హాక్స్ శిక్షకుడు త్సురుఓకా. ఆ ఋణము చిన్నది కాదు. మురకామి తిరిగి వెళ్ళినాడు. అప్పటికతని వయస్సు 21. మేజర్ లీగు లెక్క 54 ఆటలు, 5 గెలుపులు, ఒక్క ఓటమి.

స్వదేశములో అతడు 1982 వరకు ఆడి నూటికిపైగా విజయములు గడించినాడు. 1967లో రెండు దేశములవారును ఒకరి ఆటగాండ్ర నొకరు ఆకర్షించరాదని ఒప్పుకొన్నారు. 1995లో హిదెయో నొమో వచ్చువరకు మేజర్ లీగులో మరియొక జపానీయుడు కనబడలేదు.

1983 వసంతమున, 38 యేండ్ల వయస్సులో, మురకామి మరల జెయింట్స్ శిక్షణ శిబిరమునకు వెళ్ళి బంతి విసరి చూపినాడు. జట్టులో చోటు దొరకలేదు.