బొమ్మ పడలేదేంటి?

కేబినెట్ మీద బటన్ నొక్కగానే ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. ర్యామ్ మీద రంగురంగుల లైట్లు వెలిగాయి. ఇంటిల్లిపాదీ మంచం మీద సర్దుకుని కూర్చున్నారు. మానిటర్ మాత్రం ‘నో సిగ్నల్’ అని ఓసారి చూపించి నిద్రపోయింది. వేలకు వేలు పోసి కొన్న సరుకాయె! ‘‘బ్రాండెడ్‌ది తీసుకోరా అంటే విన్నావా?’’ అని నాన్న మొదలుపెడతాడు. ఈఏపీసెట్ రాసేసి, యూట్యూబ్ చూసి సొంతంగా సిస్టమ్ బిగించిన పిల్లాడి మొహం అప్పుడు చూడాలి.

వేసవి వచ్చిందంటే బెజవాడలో ఏదో ఒక ఇంట్లో ఈ ఘట్టం తప్పదు. ఉమ్మడి రాష్ట్రంలో తొలి ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ, వీఆర్ సిద్ధార్థ, 1977లో మొదలైంది ఈ ఊరి పక్కన కానూరులోనే. ఇంటికో ఇంజినీరింగ్ పిల్లాడు, వాడికో కంప్యూటర్ ఇక్కడ వింతేం కాదు. కొత్తగా వచ్చిందల్లా ఇంట్లోనే బిగించుకోవడం. ఇదివరకు దుకాణంలో దగ్గర కూర్చుని ‘అసెంబుల్డ్ సిస్టమ్’ కట్టించుకుని, బొమ్మ చూశాకే డబ్బులిచ్చేవాళ్లు. ఇప్పుడు ప్రాసెసర్ ఆన్‌లైన్‌లో, గ్రాఫిక్స్ కార్డు సికింద్రాబాద్ సీటీసీలో, కేబినెట్ గవర్నరుపేటలో. ఎక్కడ నాలుగు రూపాయలు తగ్గితే అక్కడ. డబ్బు మిగులుతుంది నిజమే. కానీ తెర నల్లగా ఉంటే ఎవరిని అడగాలి? బోర్డు అమ్మినాయన ర్యామ్ మీదికి తోస్తాడు, ర్యామ్ అమ్మినాయన బోర్డు మీదికి తోస్తాడు.

నేను చూసినంతలో, ఇలా మొరాయించిన కొత్త సిస్టమ్‌లలో ఎక్కువ వాటిలో పాడైన వస్తువే ఉండదు. ఎక్కడో ఓ తీగ పెట్టడం మర్చిపోయి ఉంటారు, లేదా ఓ వస్తువు పూర్తిగా దిగి ఉండదు. అందుకే ముందు రిటర్న్ బటన్ నొక్కేయకుండా, అది ఏ మెట్టు దగ్గర ఆగిందో చూడమంటాను. ఆటోనగర్‌లో లారీ స్టార్ట్ కాకపోతే మేస్త్రి ముందే ఇంజిన్ విప్పడు. బ్యాటరీ, సెల్ఫ్, డీజిల్ వరసన చూసుకుంటూ పోతాడు. ఇక్కడా ఆ వరస ఒకటుంది.

కేబినెట్ బటన్ నిజానికి కరెంటు స్విచ్ కాదు. మదర్‌బోర్డు మీద రెండు పిన్నులను క్షణం పాటు కలుపుతుంది, అంతే. బోర్డు వెంటనే ఎస్‌ఎంపీఎస్‌ను నిద్రలేపుతుంది. అది 12, 5, 3.3 వోల్టులను నిలకడగా అందించి, ‘అంతా సిద్ధం’ అని ఓ సంకేతం పంపుతుంది. ప్రాసెసర్ కళ్లు తెరిచేది ఆ తర్వాతే. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఇది, ఇప్పటికీ నడుస్తోంది. కాబట్టి బటన్ నొక్కినా చీమ చిటుక్కుమనకపోతే ముందు ఆ పిన్నులనే అనుమానించాలి. సన్నటి ఆ తీగలు ఒక పిన్ను పక్కకు పెట్టినా బటన్ పనిచేయదు. తీగ పీకేసి, ‘పవర్ స్విచ్’ అని రాసి ఉన్న ఆ రెండు పిన్నులనే స్క్రూడ్రైవర్ కొసతో తాకించి చూడండి. లేచిందా, తప్పు బటన్ తీగది. ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందో లేదో చూశారా అని అడిగితే చాలామందికి కోపం వస్తుంది. చూసొచ్చాక కోపం తగ్గుతుంది. పాత రకం చవక ఎస్‌ఎంపీఎస్ అయితే 115, 230 అని రాసిన ఎర్ర స్విచ్ ఒకటి ఉంటుంది. మన దగ్గర 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి ప్లగ్ వేస్తే ‘ఢాం’ అనడమే.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి కదా, కరెంటు అందినట్టేగా అనుకుంటాం. అందేది బోర్డుకి, ప్రాసెసర్‌కి కాకపోవచ్చు. 24 పిన్నుల లావు తీగ అందరికీ కనిపిస్తుంది. బోర్డు పైమూలలో, కూలర్ చాటున, 8 పిన్నుల తీగ మరొకటి పెట్టాలి. ప్రాసెసర్‌కు తిండి దానిలోంచే. మొదటిసారి బిగించేవాళ్లు ఎక్కువగా మర్చిపోయేది అదే. పైగా గ్రాఫిక్స్ కార్డుకి వెళ్లే 8 పిన్నుల తీగ చూడటానికి ఇలాగే ఉంటుంది కానీ లోపల వైరింగ్ వేరు. బలవంతంగా దూర్చకూడదు.

1981లో వచ్చిన ఐబీఎం పీసీకి నోరుండేది. లేవగానే తనను తాను పరీక్షించుకుని, అంతా బాగుంటే ఒక్కసారి ‘బీప్’ అనేది. ఒక పొడుగు కూత, రెండు పొట్టి కూతలు వినిపిస్తే డిస్‌ప్లే కార్డు సంగతన్నమాట. ఇప్పటి కేబినెట్లలో చాలావాటికి ఆ స్పీకరే ఉండటం లేదు. దాని బదులు చాలా బోర్డుల మీద నాలుగు చిన్న లైట్లుంటాయి: సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్. వరసగా వెలిగి ఆరతాయి. ఏది ఆరకుండా ఉండిపోయిందో పరీక్ష అక్కడ ఆగింది. కేబినెట్ నిండా ఇంద్రధనుస్సు వెలుగుతుంటే ఈ మిణుగురును ఎవరూ పట్టించుకోరు. నా ఓటు మాత్రం దానికే.

ఎక్కువగా ఆగేది డీర్యామ్ దగ్గర. దుకాణానికి ఫోన్ చేస్తే ‘‘ర్యామ్ ఓసారి పీకి పెట్టండి సార్’’ అంటారు. విసుక్కోకండి, మంచి సలహానే. పాత సిస్టమ్‌లకైతే కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టడం మన మెకానిక్కుల ఆనవాయితీ. కొత్త ర్యామ్‌కు ఆ అవసరం లేదు, క్లిప్పు ‘టక్’మనేదాకా నొక్కితే చాలు. నాలుగు గాళ్లుండి రెండే ర్యామ్‌లుంటే ప్రాసెసర్ వైపునుంచి లెక్కపెట్టి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టమని ఎక్కువ బోర్డుల పుస్తకాలు చెబుతాయి. ఒకటి తీసేసి, ఒక్కదానితోనే చూడటం ఇంకా మేలు. ఇక డీడీఆర్5 ర్యామ్ అయితే అసలు మందు ఓపిక. మొదటిసారి లేచేటప్పుడు బోర్డు ఆ ర్యామ్‌తో ఏ వేళకు ఎంత వేగంతో మాట్లాడాలో కొలుచుకుంటుంది. దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. ఆ సేపు తెర నల్లగానే ఉంటుంది. కొన్నిసార్లు నిమిషాలు పడుతుంది. రెండో నిమిషంలోనే కంగారుపడి స్విచ్ కట్టేస్తే లెక్క మళ్లీ మొదటికి.

లైట్లన్నీ ఆరిపోయినా బొమ్మ లేదంటే, మానిటర్ తీగ ఎక్కడ గుచ్చారో చూడండి. ఇంటెల్ ప్రాసెసర్ పేరు చివర ‘ఎఫ్’ ఉంటే దానిలో సొంత గ్రాఫిక్స్ ఉండదు. బోర్డు వెనకున్న హెచ్‌డీఎంఐలో పెడితే ఎన్నాళ్లు కూర్చున్నా బొమ్మ పడదు, కింద అడ్డంగా ఉన్న కార్డుకే పెట్టాలి. సీపీయూ లైటు దగ్గర ఆగితే మరో అనుమానం. బోర్డు ముందు తయారై ప్రాసెసర్ తర్వాత వచ్చిందేమో! పాత బయాస్ (బోర్డును లేపే ప్రోగ్రామ్) ఉన్న ఏఎం4 బోర్డు రైజెన్ 5000 వరస ప్రాసెసర్‌ను గుర్తుపట్టదు. కొన్ని బోర్డుల వెనక ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయాస్ మార్చే బటన్ ఉంటుంది. లేకపోతే దుకాణానికి పోవాల్సిందే.

ఇవేవీ తేల్చకపోతే బోర్డును కేబినెట్‌లోంచి బయటికి తీసి, అది వచ్చిన అట్టపెట్టె మీదే పరచి, ప్రాసెసర్, కూలర్, ఒక్క ర్యామ్‌తో లేపి చూడాలి. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా. బయట లేచి లోపల లేవకపోతే బోర్డు కింద ఎక్కడో దాన్ని ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్ తప్పు చోట తగులుతోందేమో చూడాలి. ఒకసారికి ఒకటే మార్చాలి. ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ ఒకేసారి మార్చేసి ‘లేచింది సార్’ అనే మెకానిక్ దేనికి బిల్లు వేస్తున్నాడో ఆయనకే తెలియదు.

ఈలోగా మనవైపు ఇళ్లలో ఇంకో ఫిర్యాదు వినిపిస్తుంది: ‘‘బాబాయ్, కేబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది, ఎస్‌ఎంపీఎస్ పోయినట్టుందా?’’ సాధారణంగా పోలేదు. కరెంటులోని రొదను వడగట్టడానికి ఎస్‌ఎంపీఎస్‌లో చిన్న కెపాసిటర్లుంటాయి. అవి ఆ రొదను ఎర్త్ తీగలోకి పంపాలి. మూడు కన్నాల ప్లగ్‌బోర్డు ఉన్నా, వెనక ఎర్త్ తీగే లేని ఇళ్లు పాతబస్తీలో, పల్లెల్లో కొల్లలు. పోయే దారి లేక కేబినెట్ రేకు మీదే సగం వోల్టేజీ, నూటపదిహేను దాకా, నిలబడుతుంది. కరెంటు అతి స్వల్పం కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. తడి గచ్చు మీద వట్టికాళ్లతో నిలబడితే ఇంకా తెలుస్తుంది. బొమ్మ పడకపోవడానికి ఇది కారణం కాదు గానీ, దీన్ని వదిలేయడం ప్రమాదం. రేపు నిజంగా ఫేజ్ లీకైతే ఆపేది ఆ తీగే. ఎలక్ట్రీషియన్ మీటరు పెడితే ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230కి దగ్గరగా, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య దాదాపు సున్నా చూపించాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్లు నిలిచిన సింగ్‌నగర్ లాంటి చోట్ల గోడ పైపుల్లోకి, ప్లగ్‌బోర్డుల్లోకి బురద చేరిన ఇళ్లున్నాయి. అక్కడ కొత్త సిస్టమ్ కొనేముందు వైరింగ్ చూపించుకోవడం ఖర్చు కాదు.

లేచి, ఆడుతూ ఆడుతూ పడిపోయేవి వేరే జాతి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే క్షణంలో రీస్టార్ట్ అయితే పాత రకం స్క్వేర్‌వేవ్ ఇన్వర్టర్‌కూ కొత్త ఎస్‌ఎంపీఎస్‌కూ పొసగడం లేదేమో చూడాలి. కొద్ది నిమిషాలకే వేడెక్కి ఆగిపోతే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర పీకారా? ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుంది. బయాస్ ద్వారా సవరణలు ఇచ్చి, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అలాంటిది వాడుతున్నవాళ్లు బయాస్ కొత్తది వేసుకున్నాకే ఆటలు.

చివరికి బొమ్మ పడిందనుకుందాం. ఆ ఉత్సాహంలో కుర్రాడు బయాస్‌లోకి వెళ్లి, 6000 అని రాసున్న ర్యామ్ 4800 దగ్గరే నడుస్తోందని గమనించి, దాన్ని రాసున్న వేగానికి పెంచే ఎక్స్‌ఎంపీయో ఎక్స్‌పోనో ఆన్ చేస్తాడు. తెర మళ్లీ నలుపు! ట్రైనింగ్‌కి కొన్ని నిమిషాలు గడువిచ్చి చూడండి. లేవకపోతే ప్లగ్ పీకి, బోర్డు మీదున్న రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీని తీసి, కాసేపాగి మళ్లీ పెట్టండి. సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ లెక్కకు వస్తాయి, గడియారం కూడా వెనక్కి పోతుంది. విండోస్‌లోకి వెళ్లగానే తేదీ సరిచేయండి. లేకపోతే సగం వెబ్‌సైట్లు తెరుచుకోవడం లేదని ఈసారి నెట్‌వాడికి ఫోన్ చేస్తారు.