పహాణీలో పూర్వికుడు: అత్వెల్లి పరిసరాల్లో సామాన్యుని వంశచరిత్రకు ఆధారాలు

రాజవంశాల చరిత్రకు శాసనాలున్నాయి, కైఫియత్తులున్నాయి. మేడ్చల్ సమీపంలోని అత్వెల్లి వంటి గ్రామంలో ఒకప్పుడు పరుల భూమిని దున్ని బతికిన సామాన్యుని చరిత్రకు ఆధారమేమిటన్నది ఈ వ్యాసంలో పరిశీలిస్తున్న అంశం. అటువంటి అన్వేషణ మనిషి పేరుతో కాక, సర్వే నంబరుతో మొదలుకావాలన్నది ఇందలి ప్రతిపాదన.

ఇంగ్లండులో నూరేళ్లు దాటిన జనగణన పత్రాలను ఎవరైనా చూడవచ్చు. 1921 నాటివి 2022లో వెలుగులోకి వచ్చాయి. మన 1948 జనగణన చట్టంలోని 15వ సెక్షను అందుకు అవకాశమివ్వదు. దేశమంతటికీ ఒకటైన జనన మరణాల నమోదు చట్టం 1969లో గాని రాలేదు. కనుక అంతకు ముందరి తరాలకు ప్రధానంగా మిగిలేది రెవెన్యూ దస్త్రమే. అది శిస్తు కోసం రాసినది. మనిషి అందులో భూమిని ఆనుకొని మాత్రమే కనిపిస్తాడు.

నిజాం కాలంలో మేడ్చల్ తాలూకా అత్రాఫె బల్దా జిల్లాలో ఉండేది. సర్వే అనంతరం తయారైన సేత్వార్‌లో సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు వివరాలుంటాయి. కౌలుదారు అందులో లేడు. అతనికి చోటు దొరికేది 1954–55 నాటి ఖాస్రా పహాణీలో. (దానిపై ఉండే ఫసలీ 1364కు 590 కలిపితే 1954 వస్తుంది.) అందులో పట్టాదారుకు ఒక గడి, సాగుదారుకు వేరొక గడి ఉన్నాయి. 1950 కౌలుదారీ చట్టం కింద తయారైన రక్షిత కౌలుదారుల రిజిస్టరును దీనితో పోల్చి చూడాలి. పైరు గడిని పరిశోధకులు తరచు వదిలేస్తారు. వరి ఉన్నదా, జొన్న ఉన్నదా అన్నదానిని బట్టి ఆ ఇంటికి నీటి వసతి ఎంతో ఊహించవచ్చు. తరువాతి పహాణీల్లో తండ్రి స్థానంలో కొడుకు పేరు వస్తే అది మరణం కావచ్చు, పంపకం కావచ్చు. పేరు మార్పు ఏళ్ల తరబడి ఆలస్యమయ్యే సందర్భాలూ ఉన్నందున దానినే మరణ సంవత్సరంగా తీసుకోరాదు.

ఇక పేరుతో వెతకడంలో చిక్కు లిపిది. ఉర్దూ లిపిలో హ్రస్వాచ్చుల గుర్తులు సాధారణంగా రాయరు, ద్విత్వం గుర్తు తరచు వదిలేస్తారు, ళకారానికి అక్షరమే లేదు. మల్లయ్య ఒక ప్రతిలో మల్యా అవుతాడు, వేరొకరి చదువులో ములయ్య అవుతాడు. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. ‘వల్ద్’ అన్న మాట తరువాత తండ్రి పేరుంటుంది. ఒకే ఊళ్లో ఒకే పేరున్న ఇద్దరు మల్లయ్యలను వేరుచేయగలిగేది ఆ తండ్రి పేరు, వారు దున్నిన సర్వే నంబరు మాత్రమే.

అయితే ఆ నంబరు కుటుంబానికి తెలియదు. వారికి తెలిసినది చెలక పేరు: ఫలానా చెట్టు కింది మడి, ఫలానా కుంట వెనుక చెలక. ఆ పేరును నంబరుతో ముడిపెట్టగలిగినవారు ఊరి వృద్ధులే. హైదరాబాదు ఉత్తర శివార్లలో చెలకలు ప్లాట్లవుతున్నాయి. పాత పహాణీని నేడు హక్కు తగాదా కోసమే తెరుస్తున్నారు. కనుక పరిశోధకుడు కార్యాలయానికి వెళ్లేముందే ఆ వృద్ధుల వద్ద కూర్చోవాలి.

రెడ్లకు పిచ్చకుంట్లవారు, ముదిరాజులకు కాకిపడగలవారు, మాదిగలకు డక్కలివారు చెప్పే గోత్ర, వంశ కథనాలు మరొక ఆధారం. అవి తేదీలనివ్వవు, బంధుత్వాలనిస్తాయి.

స్త్రీ విషయంలో రెండు ఆధారాలూ చాలవు. దస్త్రంలో ఆమె చాలావరకు ‘జౌజే’ అన్న మాటతో, అంటే ఫలానావాని భార్యగా కనిపిస్తుంది. ఆమె పుట్టినూరు ఏ గడిలోనూ లేదు. ఆ ఊరి పేరు ఇంట్లో పెద్దావిడ ఎవరైనా ఉండగానే అడిగి రాసుకోవాలి.