పెరట్లో మామిడి పూత, వంటింటి గూట్లో మందు సీసా

సంక్రాంతి వెళ్లిన దగ్గర నుండి ఉగాది దాటే వరకు మన విశాఖ చుట్టుపక్కల పెరళ్లు చూడముచ్చటగా ఉంటాయి. ఆనందపురం, పద్మనాభం, సబ్బవరం వైపు వెళితే అయిదు సెంట్ల స్థలంలో కూడా ఒక మామిడి, ఒక జామ, మునగచెట్టు, నూతి పక్కన అరటి, నాలుగు నాటుకోళ్లు కనిపిస్తాయి. ఉక్కు కర్మాగారం కోసం భూములిచ్చి గాజువాక పరిసరాలలోని నిర్వాసిత కాలనీలకు వచ్చిన కుటుంబాలు కూడా తోటలు పోయినా పెరడు అలవాటు మానలేదు. మామిడి పూత విచ్చి పిందె పడుతుంది. కోడిపెట్ట పొదుగుకు కూర్చుంటే 21 రోజులకు పిల్లలు దిగుతాయి. పసివాళ్లకు గుడ్డు, గర్భిణికి జామకాయ, మునగాకు ఇంట్లోనే దొరుకుతాయి. ఇంటి ఆరోగ్యానికి ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తెలియదు.

అయితే ఇవే నెలల్లో ఈ పెరళ్ల నుండే ఆసుపత్రికి వచ్చే ఒక ప్రమాదం ఉంది. అది చెట్టుకు కొట్టగా మిగిలిపోయిన పురుగుమందు.

మామిడి పూత మీద తేనెమంచు పురుగు వాలుతుంది. రసం పీల్చి, జిగురులాంటి తీపి ద్రవం విడుస్తుంది. ఆకులు నిగనిగలాడి, తర్వాత నల్లగా మసి పడతాయి, పూత రాలుతుంది. అది చూసి ఇంటాయన దుకాణానికి వెళ్లి మందు తెస్తారు. తోటవారికి సీసా మొత్తం ఖర్చవుతుంది. ఒక్క చెట్టుకు కావలసింది కొన్ని మిల్లీలీటర్లే. మిగిలింది ఏమవుతుంది? పారబోయడానికి మనసొప్పదు. వచ్చే ఏటికి ఉంటుందని గూట్లో పెడతారు. పక్కింటివారు అడిగితే ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో కొంచెం పోసి ఇస్తారు. మా దగ్గరకు వచ్చే కథలన్నీ దాదాపు ఇక్కడే మొదలవుతాయి.

నాలుగేళ్ల బాబును ఎత్తుకొని వచ్చిన ఒక నాయనమ్మ మాట నాకు ఇప్పటికీ చెవిలో ఉంది. "కూల్‌డ్రింకనుకున్నాడు సిస్టరమ్మా, రెండు గుక్కలు తాగీసేడు. చింతపండు నీళ్లు పట్టించీసి కక్కించీసేం." ఆమె ప్రేమతోనే చేసింది. కానీ ఆ కక్కినది కొంత ఊపిరితిత్తుల్లోకి పోయింది. బాబు బ్రతికాడు, కాకపోతే ఆరు రోజులు వెంటిలేటరు మీద ఉండవలసి వచ్చింది.

ఈ మందులలో చాలావరకు ఆర్గానోఫాస్ఫేట్ జాతివి. శరీరంలో అవి ఏం చేస్తాయో తెలిస్తే లక్షణాలు గుర్తుపట్టడం తేలిక. నరం నుండి కండరానికి, గ్రంథికి కబురు మోసుకెళ్లే ఒక రసాయనం ఉంటుంది. కబురు అందగానే దానిని తుడిచివేసే పని కోలినెస్టరేజ్ అనే ఎంజైముది. విషం ఆ ఎంజైమును కట్టిపడేస్తుంది. కబురు ఆగకుండా మోగుతూనే ఉంటుంది. అందుకే నోటి వెంట చొంగ, కన్నీరు, విపరీతమైన చెమట, వాంతులు, విరేచనాలు వస్తాయి. కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, కండరాలు అదురుతాయి, రొమ్ములో కళ్లె నిండి ఊపిరి అందదు. తాగితేనే కాదు, చర్మం ద్వారా కూడా ఎక్కుతుంది. లుంగీ, తువ్వాలుతో నిలబడి తల పైకెత్తి మందు కొట్టే మనిషి మీదనే సగం తుంపర పడుతుందని మరువకండి.

తోటలో మందు కొట్టి అందరూ ఇంటికి వెళ్లిపోతారు. పెరట్లో వెళ్లడానికి చోటేదీ? చెట్టు కిందే నుయ్యి, బట్టలు ఆరవేసే తాడు, కోళ్ల గంప ఉంటాయి. కింద రాలిన పురుగులను కోళ్లు ఏరుకు తింటాయి. పక్షులకు ఈ విషం మనకంటే త్వరగా ఎక్కుతుంది. రాలిన పిందెలను పిల్లలు కడగకుండానే ఉప్పూ కారం అద్దుకొని తినేస్తారు. మనమూ చిన్నప్పుడు తిన్నవాళ్లమే! ఇక చచ్చిన కోడిని పారేయలేక కూర వండేవారు ఇంకా ఉన్నారు. విషంతో చచ్చినా, తెగులుతో చచ్చినా దానిని తినకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్‌ఫ్లూ వచ్చిన సంగతి తెలిసినదే. ఒకటి కంటే ఎక్కువ కోళ్లు హఠాత్తుగా చస్తే వట్టి చేతులతో ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయండి.

మరి పూత మాటేమిటి అంటారు. ఇంటి చెట్టుకు విషపు మందు అవసరం లేదని నా అభిప్రాయం. వేల పూలలో కాయగా నిలిచేవి ఎటూ కొన్నే. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీరు కలిపి, పూమొగ్గ దశలో సాయంత్రం పూట కొట్టండి. పూలు పూర్తిగా విచ్చినప్పుడు ఏదీ కొట్టవద్దు, కాయ పట్టించే ఈగలు, తేనెటీగలు చస్తాయి. కాయ కోత అయ్యాక లోపలి గుబురు కొమ్మలు తీసేసి వెలుతురు తగలనిస్తే ఆ పురుగుకు దాగుకొనే చోటు తగ్గుతుంది.

ఇంట్లో మందు ఉండకూడదనడానికి మరొక కారణం ఉంది. ఇది చెప్పడం కష్టమైనా చెప్పాలి. భార్యాభర్తల గొడవ, పరీక్ష తప్పడం, అప్పు వంటి ఒక చెడ్డ గడియలో చేతికందిన సీసా వల్ల ప్రాణాలు పోతున్నాయి. ఆ గడియ దాటితే చాలామందికి బ్రతకాలనే ఉంటుంది. శ్రీలంకలో అతి విషపూరితమైన మందులను 1995లో, ఎండోసల్ఫాన్‌ను 1998లో ఆపివేశారు. తరువాతి పదేళ్లలో అక్కడ ఆత్మహత్యలు సుమారు సగానికి తగ్గాయి. ఇంట్లో ఎవరైనా దిగులుగా ఉంటే వారితో మాట్లాడండి. టెలిమానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

2013 జూలైలో బీహార్‌లోని సరన్ జిల్లాలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలిసిందని పరీక్షలో తేలింది. ఈ మందు 36 శాతం ద్రావణాన్ని ఆపివేయాలని 2023లో కేంద్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. పాత సీసాలు అటకల మీద ఇంకా ఉండవచ్చు, ఈరోజే చూడండి. లేబులు మీద ఎర్ర త్రికోణం ఉంటే అన్నిటికంటే ఘాటైన విషం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ.

పొరపాటు జరిగితే కక్కించవద్దు. చింతపండు నీరు, ఉప్పు నీరు, మజ్జిగ, కొబ్బరినీళ్లు ఏవీ పట్టవద్దు. తడిసిన బట్టలు విప్పి, సబ్బుతో ఒళ్లు, జుట్టు కడగండి. కడిగేవారు చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోవాలి. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. సీసా తప్పక వెంట తెండి. ఏ మందో తెలిస్తే డాక్టరుగారి సమయం కలిసి వస్తుంది.

వార్డులో అట్రోపిన్ ఇస్తాం. దానితో నోరు ఎండుతుంది, రోగి కలవరిస్తాడు, మంచం దిగబోతాడు. "పిచ్చెక్కించీసేరు" అని బంధువులు మా మీద కోప్పడడం మాకు అలవాటే. మందు ప్రభావం తగ్గగానే అది పోతుంది. రెండో రోజు లేచి కూర్చొని మాట్లాడుతున్నాడని డిశ్చార్జి అడగవద్దు. ఒకటి నుండి నాలుగు రోజుల మధ్య మెడ, ఊపిరి కండరాలు హఠాత్తుగా నీరసించి శ్వాస ఆగే ప్రమాదం ఉంది. తల దిండు మీద నుండి ఎత్తగలడా లేదా అని మేము మాటిమాటికీ చూసేది అందుకే.