కుందేళ్ళకు పురుగులు పట్టుట

జంతువుల శరీరమునకు పట్టు పురుగులన్నియు ఒక్క జాతివి కావు. వాని భేదము నెరుగుట కుందేళ్ళను పెంచువారికి మిక్కిలి అవసరము.

ఉత్తర అమెరికాలోని అడవి కుందేళ్ళ మెడక్రింద వేసవియందు ఒక్కొక్కప్పుడు గడ్డ కనబడును. దాని నడుమ నున్న చిన్న రంధ్రము గుండ ఊపిరి పీల్చుచు లోపల ఒక పురుగు పెరుగుచుండును. అది క్యూటరీబ్రా అను బాట్ ఈగ డింభకము.

ఈ ఈగ జంతువుపై గ్రుడ్లు పెట్టదు. కుందేళ్ళు, ఎలుకలు తిరుగు దారులయందును, కలుగుల వాకిళ్ళయందును పెట్టును. దరికి వచ్చిన జంతువు వేడిమి తగులగనే డింభకము వెలువడి రోమములకంటి, నోటినుండియో ముక్కునుండియో లోనికి ప్రవేశించును. పిమ్మట చర్మము క్రిందికి చేరి, కొన్ని వారములలో సుమారు 25 మిల్లీమీటర్ల పొడవు పెరిగి, నేలరాలి మట్టిలో దాగును. అడవి కుందేలు సాధారణముగా బ్రతుకును, పుండు మానును. పిల్లులలో మాత్రము పురుగు దారితప్పి మెదడును చేరుట కలదు. ఈ పురుగును పిండరాదు. లోపల చిట్లినచో జంతువునకు ప్రమాదము.

బాట్ ఈగలలో ఈ జాతి అమెరికా ఖండములకే పరిమితము. మన దేశమున కుందేటికి పురుగులు పట్టినచో కారణము వేరు. క్రైసోమియా బెజ్జియానా అను ఈగ గాయపు అంచున ఒకేసారి 100 నుండి 250 వరకు గ్రుడ్లు పెట్టును. ఒక దినము లోపల పురుగులు వెలువడి, బ్రతికియున్న కండనే తినుచు లోతునకు పోవును. మరికొన్ని ఈగలు విరేచనముచేతను మూత్రముచేతను తడిసిన బొచ్చునందు గ్రుడ్లు పెట్టును. ఇవి కొలది దినములలోనే, ఒక్కొక్కప్పుడు ఇంకను త్వరగా, ప్రాణము తీయగలవు. రేపు చూతమనుకొనుటకు వ్యవధి లేదు.

కుందేలు బాధను బయటపెట్టదు. మేత మాని మూల నొదిగి కూర్చుండును. కావున ఈగలు ముసరు దినములలో ఉదయము, సాయంకాలము తోక క్రింద పరీక్షింపవలెను. బోనును పొడిగా ఉంచవలెను. పురుగులు కనబడినచో కిరసనాయిలు గాని ఫినాయిలు గాని పోయరాదు; కుందేలు నాకినచో విషమగును. ఆ దినముననే పశువైద్యునికి చూపవలెను.

ఈ ఈగ మనుష్యుల పుండ్లను సైతము విడువదు. మంచము పట్టినవారి పుండ్లను దినదినము కడిగి, శుభ్రమైన గుడ్డతో కప్పవలెను. మూగజీవి పట్ల చూపు జాగ్రత్తయే ఇంటివారికిని రక్ష.